మిగిలిన జాకెట్టు ముక్కలతో జిప్పు సంచులు: కత్తెర పట్టేముందు ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

కృష్ణలంక_కోడలు (విజయవాడ)
అందరికీ నమస్కారమండి. మాఘమాసంలో మా గృహప్రవేశం. వచ్చిన ముత్తయిదువులకు తాంబూలం ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇవ్వడానికి మనసొప్పడం లేదు. మా అత్తయ్య గారు చాలా ఏళ్లు ఇంట్లోనే జాకెట్లు కుట్టారు. మిగిలిన ముక్కలన్నీ గోనెసంచిలో కుక్కి అటక మీద పడేశారు. కిందికి దించి చూస్తే మంగళగిరి కాటన్, పెడన కలంకారీ, పట్టు అంచులు, టూ బై టూ, జార్జెట్, ఇంకా పేరు తెలియనివి బోలెడు. కొన్ని అరచేతంత, కొన్ని జానెడు, అక్కడక్కడా మూరెడు.

వీటితో జిప్పు ఉన్న చిన్న సంచులు ఒక పాతిక కుడదామని ఉంది. 8 అంగుళాల పొడవు, 6 అంగుళాల ఎత్తు అనుకున్నాను. కాలితో తొక్కే పాత నల్ల మెషిన్ ఉంది. దిండు గలీబులు, లంగాలు కుట్టగలను. జిప్పు మాత్రం ఎప్పుడూ వేయలేదు. వీడియోల్లో చూస్తే అందరూ కత్తిరించిన ముక్కలు చేత్తో పట్టుకునే మొదలుపెడుతున్నారు. నాకు కావలసింది దానికి ముందు సంగతి. ముక్కలు ఉతకాలా? సంచి నిలబడటానికి లోపల బక్రం (బిరుసు గుడ్డ) వేయాలా? జిప్పు ఏ నంబరు, ఎంత కొనాలి? అన్నీ అమర్చుకుని కూర్చుంటే సంక్రాంతి లోపు అయిపోతాయని ఆశ.

బ్రాడీపేట_మాస్టర్ (గుంటూరు)
8 బై 6 ఎందుకనుకున్నారమ్మా? ఆ సంచిలో ఏం పెడతారో చెప్పండి ముందు.

కృష్ణలంక_కోడలు
ఆకు వక్క, పసుపు కుంకుమ పొట్లాలు, ఒక జాకెట్టు ముక్క, రెండు అరటిపళ్లు మాస్టారూ. సైజు ఊరికే కంటికి బాగుందని అనుకున్నాను.

పటమట_బాబు
ఇంత శ్రమ ఎందుకండీ? బీసెంట్ రోడ్డులో నాలుగడుగులు వేస్తే రెడీమేడ్ పౌచ్‌లు దొరుకుతాయి. పాతిక ఒకేసారి కొంటే బేరం కూడా ఆడొచ్చు.

సత్యనారాయణపురం_పిన్ని
బాబూ, ఆ అమ్మాయి అడిగింది ఎక్కడ కొనాలని కాదు. నువ్వు బేరమాడి కొను, ఎవరు కాదన్నారు?

బ్రాడీపేట_మాస్టర్
అరటిపళ్లు చేతికివ్వండి. జిప్పు సంచిలో వేస్తే ఆటో దిగేసరికి జాకెట్టు ముక్కకు అంటుకుంటాయి. మిగతావి మాత్రమే సంచిలోకి.

ఇప్పుడు కొలత. జాకెట్టు ముక్కను షాపువాళ్లు మడిచినట్టే మడిచి బల్ల మీద పెట్టండి. దాని మీద పొట్లాలు, వక్కలు పెట్టి పక్క నుంచి చూడండి. అంగుళంన్నర పైనే లేస్తుంది. మీరనుకున్న సంచికి అడుగున మందం లేదు, రెండు పలకలు కలిపి కుట్టినదే. అందులో ఇవన్నీ కూరితే పొట్ట ఉబ్బుతుంది, ఆ లాగుడంతా జిప్పు మీద పడుతుంది. జిప్పు పళ్లు విడిపోయేది చాలా సార్లు జిప్పు చెడ్డదై కాదు, సంచి చాలక.

కాబట్టి పైగుడ్డ 10 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు కోయండి. ఒక సంచికి అలాంటివి రెండు. లైనింగూ అంతే కొలత, రెండు. కుట్టు మార్జిన్ (కుట్టుకు అవతల వదిలే అంచు) చుట్టూ అర అంగుళం. ప్రతి ముక్కకూ అడుగు వైపు రెండు మూలల్లో అంగుళం చదరం కోసి తీసేయండి. కుట్టడం పూర్తయ్యాక సంచి అడుగున 2 అంగుళాల మందం వస్తుంది. నోరు 9, అడుగు భాగం పొడవు 7, ఎత్తు 6 అంగుళాలు. మీరు కోరిన ఎత్తే ఉంటుంది, సామానూ పడుతుంది.

లెక్కల_టీచరమ్మ (గుంటూరు)
మాస్టారూ, ఒక సందేహం. అంగుళం చదరం కోశాక అందులో అర అంగుళం మార్జిన్‌లోకి పోతుంది కదా. మిగిలేది అర అంగుళం. రెండు వైపులా కలిపితే అడుగు మందం 1 అంగుళమే రావాలి. 2 ఎలా వస్తుంది?

బ్రాడీపేట_మాస్టర్
అమ్మా, లెక్క మీకు నాకంటే బాగా తెలుసు. రెండు పేపరు ముక్కలు తీసుకుని, పక్కలు, అడుగు అర అంగుళంలో స్టాప్లర్ కొట్టి, మూల తెరిచి చదును చేసి చూడండి.

లెక్కల_టీచరమ్మ
చేసి చూశాను, 2 అంగుళాలే వస్తోంది. కారణం కూడా దొరికింది, అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

పక్క కుట్టును అడుగు కుట్టు మీదకు తెచ్చి మూలను చదును చేస్తే అది త్రికోణంలా విప్పారుతుంది. కోసిన అంచు దగ్గర వెడల్పు 1 అంగుళమే. కానీ మనం కుట్టేది ఆ అంచు మీద కాదు, అర అంగుళం లోపలికి. అక్కడికి వచ్చేసరికి త్రికోణం రెండు వైపులా అర అంగుళం చొప్పున పెరిగి 2 అంగుళాలు అవుతుంది. మార్జిన్‌లో పోయినది మార్జిన్‌లోనే తిరిగి వచ్చిందన్నమాట. అయితే మూడు కుట్లకూ మార్జిన్ ఒకటే ఉండాలి. పక్కన అర అంగుళం, మూలలో పావు అంగుళం అంటే ఈ లెక్క కుదరదు.

కృష్ణలంక_కోడలు
టీచర్ గారూ, పేపరు మీద నేనూ చేశాను. ముద్దుగా చిన్న పెట్టెలా నిలబడింది! సరే, కొలత 10 బై 8 ఖాయం. ఇక జిప్పు సంగతి చెప్పండి.

నట్లు_బోల్టులు (విజయవాడ)
జిప్పు దగ్గరికి వచ్చారు కాబట్టి నేనూ దూరతాను. వృత్తి మెకానికల్, ఇంట్లో బ్యాగులన్నిటికీ రన్నర్లు (జిప్పు మీద అటూ ఇటూ లాగే ముక్కలు) మార్చే పని నాదే.

నంబరు అంటే సుమారుగా జిప్పు మూసినప్పుడు పళ్ల వరస వెడల్పు, మిల్లీమీటర్లలో. 3 నంబరు సన్నం, 5 నంబరు మధ్యరకం, 8, 10 పెద్ద బ్యాగులకి. తాంబూలం సంచికి 3 చాలు. రోజూ వాడే మేకప్ పౌచ్, పిల్లల పెన్నుల పౌచ్ అయితే 5 వేయండి.

రకాల్లో నైలాన్ కాయిల్ తీసుకోండి. దాని పళ్లు విడివిడిగా ఉండవు, సన్నటి ప్లాస్టిక్ తీగను స్ప్రింగులా చుట్టి టేపుకు కుట్టేస్తారు. అందుకే ఎక్కడ కావాలంటే అక్కడ కత్తెరతో కోయొచ్చు, పొరపాటున సూది పడినా సాధారణంగా విరగదు. ఇత్తడి పళ్ల జిప్పు అందంగా ఉంటుంది గానీ కోయాలంటే కటింగ్ ప్లయర్‌తో ఒక్కో పన్ను పీకాలి. పాతిక సంచులకు ఆ పని పెట్టుకోకండి. చుడీదార్లకు వేసే కనపడని జిప్పు సంచులకు అసలు వద్దు.

విడి జిప్పులు కాకుండా రోల్ జిప్పు మీటర్ల లెక్కన కొనండి, రన్నర్లు విడిగా. సంచికి 11 అంగుళాలు వేసుకోండి (10 ముక్కకి, ఒకటి అటూ ఇటూ మిగలడానికి). 25 సంచులకు 275 అంగుళాలు, అంటే దాదాపు 7 మీటర్లు. ఏడున్నర తీసుకోండి. రన్నర్లు 30, ఒకటి రెండు మంచం కిందికి దొర్లకుండా ఉండవు. కొనేటప్పుడే ఒక రన్నర్ ఎక్కించి చూడండి. 5 నంబరు రన్నర్ 3 నంబరు జిప్పు మీద ఎక్కుతుంది, జారుతుంది, పట్టదు. మెటల్ జిప్పు రన్నర్ కాయిల్‌కు సరిపడదు.

హాస్టల్_పిల్ల
అన్నయ్యా, రన్నర్ ఎక్కించడమే నాకు రాదు. గంటసేపు కుస్తీ పడతాను.

నట్లు_బోల్టులు
ఇంట్లో ఫోర్కు ఉందా చెల్లెమ్మా? కదలకుండా పట్టుకోవడానికి దాని ముళ్లకు రన్నర్‌ను తగిలించు. రన్నర్‌కు ఒక పక్క రెండు నోళ్లు ఉంటాయి, రెండో పక్క ఒకటే. జిప్పు రెండు పట్టీల కొనలు సమానంగా కోసి, చెరొక నోట్లో ఒకటి దూర్చి, రెండూ కలిపి ఒకేసారి లాగు. ఒక పట్టీ ముందు, ఒకటి వెనక పడితే జిప్పు మెలిక పడుతుంది. అప్పుడు తీసి మళ్లీ కొనలు కోసి ఎక్కించాలి.

ఈ జిప్పుకు ఇప్పుడున్న రూపం ఇచ్చింది గిడియన్ సండ్‌బ్యాక్ అనే ఇంజినీరు. అమెరికాలో 1917లో పేటెంట్ వచ్చింది. వందేళ్లు దాటినా సూత్రం మారలేదు. రన్నర్ లోపల నాగలి మొనలాంటి చిన్న దిమ్మె ఉంటుంది, తెరిచేటప్పుడు పళ్లను విడదీసేది అదే. రన్నర్ వదులైతే పళ్లు కలవవు. జిప్పు పాడైందని సంచి పడేసేవాళ్లు ఒక్క రన్నర్ మారిస్తే సరిపోతుంది.

పటమట_బాబు
మా పాత జర్కిన్ జిప్పు మీద వైకేకే అని ఉంటుంది. అదేంటి, నంబరా?

నట్లు_బోల్టులు
కాదు, జపాన్ కంపెనీ పేరు. యోషిదా తదావో 1934లో టోక్యోలో పెట్టారు. రెడీమేడ్ కొనేవారు కూడా ప్రశ్నలు అడుగుతున్నారు, సంతోషం!

సత్యనారాయణపురం_పిన్ని
అమ్మాయ్, జిప్పు రంగు గురించి ఎవరూ చెప్పలేదు. నల్లది కొనకు. శుభకార్యానికి ఇచ్చేది, పెద్దవాళ్లు మొహం ముడుచుకుంటారు. పాతిక సంచులకు పాతిక రంగుల జిప్పులు వెతుకుతూ కూర్చోకు. మెరూన్, గంధం రంగు, ఈ రెండు చాలు. జాకెట్టు ముక్కలు ఏ రంగువైనా వీటిలో ఒకటి నప్పుతుంది.

లైనింగ్ తెల్లది వేయకు. కుంకుమ పొట్లం ఎంత గట్టిగా కట్టినా కాస్త రాలుతుంది. ముదురు ఎరుపు పాప్లిన్ వేస్తే మరక కనపడదు. తరవాత వాళ్లు బంగారం పెట్టుకుంటారో, మందుబిళ్లలు పెట్టుకుంటారో వాళ్లిష్టం. ఇంకో మాట, ఇంట్లో విరిగిన గొడుగులుంటే పారేయకు. ఊచలు తీసేసి ఆ గుడ్డ ఉతికి ఆరబెట్టి లైనింగ్‌గా వేసుకుంటే తడి బయటికి రాదు. సబ్బు, బ్రష్షు పెట్టుకునే సంచికి అంతకంటే మంచిది లేదు. తాంబూలానికి వద్దులే, గొడుగు నల్లగా ఉంటుంది.

బ్రాడీపేట_మాస్టర్
పిన్ని గారు చెప్పింది నిజం. పాప్లిన్ 36 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) తీసుకోండి. 8 అంగుళాల వైపు పన్నాకు అడ్డంగా పెడితే వరసకు నాలుగు ముక్కలు వస్తాయి. మీకు కావలసినవి 50. పదమూడు వరసలు, ఒక్కో వరస 10 అంగుళాలు, అంటే 130 అంగుళాలు. ఉతికితే కుంచించుకుపోయేది కలుపుకుని 4 మీటర్లు తెచ్చుకోండి. లైనింగ్‌కు కూడా ముక్కలు అతుకుతామంటే వద్దంటాను. బయట అతుకులు అందం, లోపల అతుకులు చేతికి తగిలే చికాకు.

కృష్ణలంక_కోడలు
ఉతకడం అన్నారు కదా. ముక్కలు అన్నీ ఉతకాలా? పట్టు కూడానా? కలంకారీ రంగు పోతుందని భయం. ఉప్పు నీళ్లలో నానబెట్టమని మా ఆడపడుచు అంది.

మంగళగిరి_మగ్గం
మాది నేత ఇల్లు. నాకు తెలిసింది చెబుతాను.

కాటన్ అంతా ఉతకండి. కొత్త నూలు బట్ట మొదటి ఉతుకులో వందకు మూడు నాలుగు పాళ్లు తగ్గడం మామూలే, వదులు నేతైతే ఇంకా ఎక్కువ. మీ గోనెసంచిలో కొన్ని ఉతికిన చీరల ముక్కలు, కొన్ని గంజి కూడా పోని కొత్తవి కలిసి ఉంటాయి. రెండూ పక్కపక్కన అతికి, కుట్టాక ఉతికితే ఒకటి తగ్గుతుంది, ఒకటి తగ్గదు. అతుకు దగ్గర ముడత పడి మళ్లీ ఇస్త్రీకి లొంగదు. చిన్న ముక్కలు బకెట్లో వేసి పిండితే పోగులు ఊడి చిక్కుపడతాయి కాబట్టి పాత దిండు గలీబులో వేసి మూతి కట్టి నానబెట్టి జాడించండి.

కలంకారీ విడిగా, చల్లటి నీళ్లలో, తక్కువ సబ్బుతో, నీడన ఆరబెట్టాలి. పెడన అద్దకంలో బట్టను ముందు కరక్కాయ నీళ్లలో ముంచుతారు, పటికతో ఎరుపును పట్టిస్తారు, బెల్లం, ఇనుము పులియబెట్టిన నీళ్లతో నలుపు. రంగు బట్టకు పట్టుకునేది ఆ కరక్కాయ, పటికల వల్ల. అద్దకం అయిపోయిన బట్టకు ఇంట్లో వేసే ఉప్పు కొత్తగా పట్టు ఇవ్వదు. అద్దేటప్పుడు కొన్ని రంగులకు ఉప్పు వాడతారు, అది వేరే సంగతి. తెల్ల గుడ్డ తడిపి ముక్క మీద గట్టిగా రుద్దండి. రంగు అంటితే ఇంకో రెండు సార్లు జాడించండి. అప్పటికీ అంటుతుంటే లేత రంగు ముక్క పక్కన దాన్ని పెట్టకండి. అంతే.

పట్టు ఉతకొద్దు. దుమ్ము దులిపి, మీద పల్చటి కాటన్ గుడ్డ పరిచి తక్కువ వేడిలో ఇస్త్రీ చేయండి.

సత్యనారాయణపురం_పిన్ని
ఉప్పు వేస్తే మా అమ్మ కాలం నుంచి రంగు నిలిచింది నాయనా.

మంగళగిరి_మగ్గం
పిన్ని గారూ, మీ అమ్మగారు ఉప్పుతో పాటు నీడన ఆరబెట్టి ఉంటారు, నాలుగు సార్లు విడిగా జాడించి ఉంటారు. వదులుగా ఉన్న రంగు ఆ జాడింపుల్లోనే పోయి ఉంటుంది. ఉప్పు వేస్తే నష్టం లేదు, వేసుకోండి.

సత్యనారాయణపురం_పిన్ని
వేసుకుంటాను.

కృష్ణలంక_కోడలు
ఇద్దరి మాటా పాటించి రెండు బకెట్లు పెట్టాను. ఇప్పుడు డాబా మీద తాడంతా ముక్కలే. పక్కింటావిడ వచ్చి ఏం వ్యాపారం పెట్టారని అడిగి వెళ్లింది.

తరవాతి ప్రశ్న, బక్రం వేయాలా వద్దా?

బ్రాడీపేట_మాస్టర్
బక్రం వద్దు. అది ఎక్కువగా గంజితో బిరుసెక్కించిన గుడ్డ, తడిస్తే మెత్తబడి లోపల ముద్దగా తయారవుతుంది. చొక్కా కాలర్లకు వేసే అంటించే కాన్వాస్ ఉంటుంది, షాపులో పేస్టింగ్ అని అడగండి, పల్చటిది. ఒక వైపు చేత్తో తడిమితే గరుకుగా చుక్కలు తగులుతాయి, అదే జిగురు. ఆ వైపు గుడ్డ లోపలివైపుకు ఆనించి ఇస్త్రీపెట్టె పెట్టి నొక్కి పట్టుకోవాలి, చీర ఇస్త్రీ చేసినట్టు అటూ ఇటూ తోయకూడదు. పది పదిహేను సెకన్లు నొక్కి, ఎత్తి, పక్కన పెట్టి మళ్లీ నొక్కాలి. చల్లారాక మూల గిల్లి చూడండి, లేస్తే మళ్లీ నొక్కండి. జిగురు వైపు పొరపాటున పెట్టెకు ఆనితే పెట్టె అడుగు శుభ్రం చేసుకోవడంతోనే సాయంత్రం అవుతుంది.

పేస్టింగ్ ముక్క పైగుడ్డ కంటే నాలుగు పక్కలా అర అంగుళం తక్కువ కోస్తే మార్జిన్‌లో మందం ఉండదు.

సత్యనారాయణపురం_పిన్ని
డబ్బు పెట్టి పేస్టింగ్ ఎందుకు? పాత నూలు చీర ముక్క మధ్యలో వేసి, బొంత కుట్టినట్టు నాలుగు వరసలు కుట్టు వేస్తే సంచి నిలబడుతుంది, చేతికి మెత్తగా కూడా ఉంటుంది.

లెక్కల_టీచరమ్మ
రెండింటికీ చోటుంది పిన్ని గారూ. జార్జెట్, క్రేప్, పల్చటి పట్టు లాంటివి జారిపోతాయి, సాగుతాయి. వాటికి పేస్టింగ్ లేకపోతే కొలత నిలవదు, పోగులు కూడా ఊడిపోతూనే ఉంటాయి. అరచేతంత కాటన్ ముక్కలకు మీరు చెప్పిన బొంత పద్ధతే నాకిష్టం. పాత దుప్పటి ముక్క 11 బై 9 కోసి కింద పరిచి, దాని మీద ముక్కలు ఒకదాని పక్కన ఒకటి కుట్టుకుంటూ పోవాలి. మొదటి ముక్క పైవైపు పైకి ఉండేలా పెట్టి, రెండోది దాని మీద బోర్లా పెట్టి, అంచున పావు అంగుళంలో కుట్టి, విప్పి ఇస్త్రీ చేసి, మూడోది. పలకంతా నిండాక అప్పుడు 10 బై 8కి కోయాలి. ముందే ఒక్కో ముక్కను కొలిచి కోసి అతికితే ఎక్కడో ఒక నూలుపోగంత తేడా వచ్చి చివరికి పలక వంకరపోతుంది.

బ్రాడీపేట_మాస్టర్
టీచరమ్మ చెప్పిన పద్ధతి మంచిది. ఒక్క జాగ్రత్త. జిప్పు చివర్లు వచ్చే చోట, అంటే పై రెండు మూలల్లో అతుకు రాకుండా చూసుకోండి. అక్కడ పైగుడ్డ, లైనింగ్, జిప్పు టేపు అన్నీ రెండేసి పొరలు కలుస్తాయి. దాని మీద అతుకు మందం కూడా పడితే పాత మెషిన్ మొరాయిస్తుంది, సూది విరుగుతుంది.

సూది 14 నంబరు పెట్టండి. మందం ఎక్కువైతే 16. పట్టుకు 11. మొండి సూదితో పట్టు కుడితే పోగు లాగి గీత పడుతుంది, కాబట్టి కొత్త సూదితో మొదలుపెట్టండి. బాబిన్లు నాలుగైదు ముందే చుట్టి పెట్టుకోండి. మెషిన్‌కు నూనె వేశాక పాత గుడ్డ మీద కాసేపు తొక్కండి, నూనె మరక మొదటి సంచికి అంటకుండా.

జిప్పుకు ఒంటి కాలి ఫుట్ (మెషిన్‌లో గుడ్డను నొక్కి పట్టే భాగం) కావాలి, షాపులో జిప్పు ఫుట్ అంటే ఇస్తారు. మామూలు ఫుట్‌కు రెండు కాళ్లు ఉంటాయి, ఒకటి జిప్పు పళ్ల మీదికి ఎక్కి కుట్టు వంకర తిప్పుతుంది. మీ మెషిన్ ఫుట్ విప్పి పట్టుకెళ్లండి, దానితో పోల్చి తెచ్చుకోవచ్చు.

మంగళగిరి_మగ్గం
ముక్కలు కోసేటప్పుడు పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డం పోగులు) చూసుకోండి. అంచు ఉన్న ముక్కకు తేలిక, అంచు వెంట పోయేది పడుగు. అంచు లేని ముక్కను రెండు చేతుల్తో నిలువుగా, అడ్డంగా లాగి చూడండి, తక్కువ సాగేది సాధారణంగా పడుగు. జిప్పు కుట్టే పై అంచు పడుగు వెంట ఉంటే అలలు పడదు. ఐమూలగా కోసిన ముక్కకు జిప్పు వేస్తే సాగి పాము మెలికలు తిరుగుతుంది.

మా నిజాం అంచు (మంగళగిరి నేతలో వచ్చే అంచు) ముక్కలు మీ దగ్గర ఉంటే అంచును జిప్పుకు దగ్గరగా పెట్టుకోవచ్చు. అర అంగుళం మార్జిన్‌లోకి పోతుందని లెక్కేసి కొంచెం కిందికి దించి కోయండి, లేకపోతే అంచులో సగం లోపలికి పోతుంది.

లెక్కల_టీచరమ్మ
అలాగే నెమళ్లు, ఏనుగులు ఉన్న కలంకారీ ఒకే పొడుగు ముక్కగా తీసి అడుగున మడత పెడితే వెనకవైపు ఏనుగు తలకిందులవుతుంది. రెండు ముక్కలుగానే కోయండి. ఈ కొలతకు ఎలాగూ అడుగు కుట్టు ఉంది కాబట్టి సమస్య లేదు.

హాస్టల్_పిల్ల
అందరూ మెషిన్ గురించే చెబుతున్నారు. నా దగ్గర సూది, దారం, రూమ్మేట్ ఇచ్చిన చుడీదార్ ముక్క మాత్రమే ఉన్నాయి. పెన్నుల పౌచ్ చేతితో కుట్టలేనా?

సత్యనారాయణపురం_పిన్ని
ఎందుకు కుట్టలేవమ్మా! మేం చిన్నప్పుడు కుట్టినవన్నీ చేతివే. పెన్సిల్ కొత్తది సుమారు ఏడు అంగుళాలు ఉంటుంది కాబట్టి లోపల 8 అంగుళాలు తక్కువ కాకుండా చూసుకో. వెడల్పు 9, ఎత్తు 4 కోసుకో. అడుగు మందం ఏమీ వద్దు, మొదటిసారి కదా. జిప్పును ముందు కచ్చా కుట్టుతో (తరవాత తీసేసే పొడుగు కుట్టు) నిలబెట్టు, తరవాత దారం రెండు పోగులు వేసి వెనక్కి కుట్టుకుంటూ వెళ్లు. ఉత్త ముందుకుట్టు వేస్తే జిప్పు లాగినప్పుడల్లా సందులు తెరుచుకుంటాయి. గుండుసూదులు గుచ్చి వారాల తరబడి వదిలేయకు, మన ఊళ్ల చెమటకు తుప్పు పట్టి మచ్చ పడుతుంది.

హాస్టల్_పిల్ల
థాంక్స్ పిన్నీ. గుర్తు పెట్టడానికి చాక్ లేదు, పెన్నుతో గీయొచ్చా?

సత్యనారాయణపురం_పిన్ని
పెన్ను వద్దు, ఉతికినా పోదు. ఒంటికి రాసుకునే సబ్బు అరిగి పల్చబడ్డాక ఆ ముక్క దాచుకో. ముదురు గుడ్డ మీద గీత చక్కగా కనపడుతుంది, నీళ్లు తగిలితే పోతుంది. లేత గుడ్డ మీద పెన్సిల్‌తో లోపలివైపు గీసుకో.

పటమట_బాబు
పాతిక సంచులు, ఒక్కోదానికి నాలుగు ముక్కలు. టేపుతో వంద ముక్కలు కొలిచేసరికి గృహప్రవేశం దాటిపోదూ?

బ్రాడీపేట_మాస్టర్
అచ్చు చేసుకుంటే దాటదు. పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఇంట్లో ఉంటే దాన్ని 10 బై 8కి కోసి, కింది మూలల్లో అంగుళం చదరాలు కూడా కోసేయండి. ఫిల్మ్ నుంచి వెలుతురు కనపడుతుంది కాబట్టి కింద బట్ట మీద పువ్వు ఎక్కడ పడుతుందో చూసుకోవచ్చు. ఫిల్మ్ లేకపోతే దళసరి శుభలేఖ అట్ట.

కృష్ణలంక_కోడలు
మామయ్య గారి మోకాలి ఎక్స్‌రే దొరికింది. అడిగి తీసుకున్నాను, మోకాలు ఇప్పుడు బాగానే ఉందట.

సరుకు కూడా తెచ్చాను. వస్త్రలత బట్టల మార్కెట్ వైపు వెళ్లి, వన్‌టౌన్‌లో టైలరింగ్ సామాను అమ్మే చోట మెరూన్ రోల్ జిప్పు నాలుగు మీటర్లు, గంధం రంగు మూడున్నర, రన్నర్లు 30, పేస్టింగ్, జిప్పు ఫుట్ కొన్నాను. రన్నర్ అక్కడే ఎక్కించి చూపించమంటే షాపతను విచిత్రంగా చూశాడు గానీ చూపించాడు. పాప్లిన్ నాలుగు మీటర్లు నానబెట్టి ఆరేశాను.

ముక్కలు నాలుగు కుప్పలు చేశాను. ఒకే పలక వచ్చేవి, రెండు మూడు అతికితే వచ్చేవి, బొంత పద్ధతికి అరచేతి ముక్కలు, ఇంక దేనికీ పనికిరాని పీలికలు. మొదటి కుప్పతో తొమ్మిది సంచులు అవుతాయి. ఇంకా రెండు సందేహాలు. దళసరి జరీ ఉన్న పట్టు అంచు వాడొచ్చా? జిప్పు చివర్లు ఎలా ముగించాలి?

బ్రాడీపేట_మాస్టర్
జరీ వాడొచ్చు, కుట్టు దాని మీదుగా పోకుండా పలక మధ్యలో పడేలా చూసుకోండి. తప్పనిసరై దాటాల్సి వస్తే అక్కడ తొక్కడం ఆపి చక్రం చేత్తో తిప్పండి.

జిప్పు చివర్లు మామూలుగా వదిలేస్తే పై మూలలు లోపలికి ముడుచుకుపోతాయి. మీ పనికిరాని పీలికల్లోంచి రెండున్నర అంగుళాల ముక్కలు కోసి, మధ్యకు మడిచి, జిప్పు రెండు కొనలకూ తొడిగి కుట్టేయండి. అప్పుడు పళ్లు పక్క కుట్టు దాకా రావు, మూల చదునుగా వస్తుంది, రన్నర్ ఊడిపోయే దారి కూడా మూసుకుంటుంది. ఇందుకోసం జిప్పును 8 అంగుళాలకు కోసి, రెండు పక్కలా ముక్కలతో కలిపి 10 చేయాలి. ఇవన్నీ ఒకే రోజు కూర్చుని పాతికా తయారు చేసి పెట్టుకుంటే తరవాత పని పరుగెడుతుంది.

నట్లు_బోల్టులు
ఆ ముక్కలు తొడిగే ముందు రన్నర్ ఎక్కించి ఉండాలి! తరవాత ఎక్కించడానికి దారే ఉండదు. రన్నర్ పైకి కనపడే వైపు గుడ్డ పైవైపుకు ఆనాలి. లైనింగ్ దాని వెనక. పైగుడ్డ, బోర్లా పెట్టిన జిప్పు, దాని మీద బోర్లా లైనింగ్, ఈ వరస ఒక అట్ట మీద రాసి మెషిన్ ముందు అంటించుకోండి. ఇస్త్రీ చేసేటప్పుడు పెట్టె కొన పళ్ల మీద పడనీయకండి, నైలాన్ కరుగుతుంది.

బ్రాడీపేట_మాస్టర్
పక్కలు కుట్టే ముందు జిప్పు సగం తెరిచి ఉంచాలి. లైనింగ్ అడుగున నాలుగు అంగుళాలు కుట్టకుండా వదలాలి. సంచిని ముందు ఆ సందులోంచి, తరవాత జిప్పు నోట్లోంచి బయటికి తిప్పుతాం. జిప్పు మూసేసి కుడితే తిప్పడానికి వీలుండదు, కుట్లు విప్పడమే.

మొదటిది పట్టుతో మొదలుపెట్టకండి. మిగిలిన పాప్లిన్‌తో ఒకటి కుట్టి, అందులో మీరు పెట్టే సామానంతా పెట్టి జిప్పు మూసి చూడండి. సుఖంగా పడితే అప్పుడు మిగతావి కోయండి.

కృష్ణలంక_కోడలు
సరే మాస్టారూ. రేపు పాప్లిన్‌తో ఒకటి కుడతాను, ఫొటో పెడతాను. అత్తయ్య గారు ఒక కలంకారీ ముక్క చూసి ఇది నా సీమంతం జాకెట్టుదని తీసేసుకున్నారు. కాబట్టి మొదటి కుప్పలో తొమ్మిది కాదు, ఎనిమిది.

లాలాపేట_లక్ష్మి (గుంటూరు)
ఇదంతా చదువుతూ నేనూ మా గోనెసంచి దించాను. గుంటూరులో రోల్ జిప్పు మీటర్ల లెక్కన ఎక్కడ ఇస్తారండీ? మా వీధి షాపులో విడి జిప్పులే ఉన్నాయి, అవీ నలుపు, నీలం.

బ్రాడీపేట_మాస్టర్
పట్నం బజారులో టైలరింగ్ సామాను హోల్‌సేల్‌గా ఇచ్చే షాపుల్లో అడగండమ్మా. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం తరవాత చిల్లరగా నాలుగు మీటర్లు కోసివ్వమంటే విసుక్కుంటారు. వెళ్లేటప్పుడు మీ ముక్కల్లోంచి రెండు మూడు రంగులవి సంచిలో వేసుకెళ్లండి, లైటు కింద కాకుండా గుమ్మం దగ్గరికొచ్చి జిప్పు రంగుతో పోల్చి చూసుకోండి.